వేర్లు, ఊర్లు: పోలండ్ మూలాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోలండ్ మూలాలున్న కోడళ్లు, అల్లుళ్లు, స్నేహితులు ఉన్న ఇళ్ల నుంచి ఈ మధ్య వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లోని తెలుగు కుటుంబాలవే ఎక్కువ. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మాది బరంపురం. అబ్బాయికి చికాగోలో ఉద్యోగం. కోడలు అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల ముత్తాత పోలండ్ నుంచి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారట. తనకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. "నేను ఉత్త అమెరికన్నే అత్తయ్యా" అనేది. ఇప్పుడు నెల తప్పింది. పుట్టబోయే బిడ్డకి రెండు వైపుల సంగతులూ చెప్పాలని వెతకడం మొదలుపెట్టింది. ముత్తాత కాగితాల్లో ఒకచోట రష్యా అని, ఇంకోచోట పోలండ్ అని ఉంది. ఏది నిజం? ఊరి పేరు ఎలా తెలుస్తుంది?

జవాబు: రెండూ నిజమేనమ్మా. దీన్ని అర్థం చేసుకోవడానికి మీ ఊరే చాలు. బరంపురంలో 1930లో పుట్టిన మనిషి కాగితం తీస్తే మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా అని ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది కాబట్టి, ఆ తర్వాత అదే ఇంట్లో పుట్టిన తమ్ముడి కాగితంలో ఒడిశా అని ఉంటుంది. ఆ ఇంటివాళ్లెవరూ ఊరు మారలేదు. పోలండ్‌లోనూ ఇదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. 1772, 1793, 1795లలో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పంచుకున్నాయి. 1918 నవంబరు దాకా, అంటే 123 ఏళ్లు, పటంలో పోలండ్ లేదు. 1918కి ముందు వలస వెళ్లినవాళ్లలో వొంజా వైపువాళ్లు రష్యా అని, టర్నూఫ్ వైపువాళ్లు ఆస్ట్రియా అని, పొజ్నాన్ వైపువాళ్లు జర్మనీ అని రాయించుకోవాల్సి వచ్చింది. తర్వాతి కాగితాల్లో ఆ మనుషులే పోలండ్ అని రాయించుకున్నారు.

కాబట్టి దేశం పేరు పట్టుకుని వెతికితే ఏమీ తేలదు. ఊరి పేరు కావాలి, ఆ ఊరు ఏ చర్చి కిందకి వస్తుందో కావాలి. ఆ రెండూ ముందు దొరికేది అమెరికాలోనే. చాలామంది నేరుగా పోలండ్‌కి ఉత్తరాలు రాసి నిరాశపడతారు. మొదట ముత్తాతగారి పౌరసత్వ దరఖాస్తు తెప్పించమనండి. 1906 సెప్టెంబరు 27 తర్వాత వేసిన దరఖాస్తుల్లో పుట్టిన ఊరు, తేదీ, వచ్చిన ఓడ పేరు అడిగారు. అంతకు ముందువాటిలో చాలావరకు "రష్యా చక్రవర్తి ప్రజ" అన్న ముక్క తప్ప ఏమీ ఉండదు. ఓడ ప్రయాణికుల పట్టిక రెండోది. 1907 నుంచి అందులో పుట్టిన ఊరితో పాటు, స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా రాశారు. ఆ బంధువు గడి బంగారం లాంటిది. తండ్రి పేరు, ఊరి పేరు ఒకే వరసలో దొరుకుతాయి. మూడోది చికాగోలో ఆయన పెళ్లి జరిగిన పోలిష్ చర్చి రిజిస్టరు. సర్కారు కాగితంలో రష్యా అని ఆగిపోయిన చోట, సొంత భాష తెలిసిన ఫాదర్ చాలాసార్లు ఊరు పేరు కూడా రాశాడు. 1936 తర్వాత దాకా బతికుంటే సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పింఛను పథకం) దరఖాస్తు చూడాలి. అందులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది.

జనాభా లెక్కలు కూడా చూడండి గానీ వయసు, వచ్చిన సంవత్సరం గట్టిగా నమ్మకండి. 1910, 1920 లెక్కల్లో మాతృభాష గడి ఉంది. పుట్టింది రష్యా, భాష పోలిష్ అని ఉంటే మీ సందేహం అక్కడితో సరి. యిద్దిష్ అని ఉంటే ఆ కుటుంబం యూదులది. వాళ్ల పుట్టుక, పెళ్లి రిజిస్టర్లు వేరుగా ఉంటాయి, చర్చి పుస్తకాల్లో వెతికితే దొరకరు.

ఇంకొక్క మాట. దిగపహండి దగ్గర పల్లెలో పుట్టినవాడు దూరదేశంలో "మాది బరంపురం" అంటాడు కదా. ఆయనా అలాగే దగ్గరి పట్నం పేరు చెప్పి ఉండొచ్చు. కాగితంలో పెద్ద ఊరు కనబడితే దాని చుట్టుపక్కల పల్లెలు కూడా లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: మా అల్లుడిగారి తాతగారి ఊరు ఓడ పట్టికలో దొరికింది, "నోవా వ్యెష్" అని. పటంలో చూస్తే ఆ పేరుతో లెక్కలేనన్ని ఊళ్లు. ఏది మాది? (గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నోవా వ్యెష్ అంటే కొత్త ఊరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎన్ని కొత్తూర్లు, కొత్తవలసలు ఉన్నాయో చూడండి, ఇదీ అంతే. ఊరు పేరు ఒక్కటీ చాలదు. దాని పక్కన జిల్లా పేరో, ప్రాంతం పేరో ఉందేమో పట్టికలో మళ్లీ చూడండి. ఆ ఓడలో అదే ప్రాంతంవాళ్లు ఎవరైనా ఎక్కారా అని ముందు వెనక పేజీలు కూడా తిప్పండి. ఊరివాళ్లు జట్టుగా బయల్దేరేవారు. ఒకరి ఊరు స్పష్టంగా లేకపోయినా పక్కవాడిది ఉండొచ్చు.

తర్వాత ఇంటిపేరు. గెనెటెకా అనే ఉచిత సూచికలో ఇంటిపేరు కొడితే అది ఏ చర్చి పుస్తకాల్లో ఎక్కువగా ఉందో ప్రాంతాలవారీగా కనిపిస్తుంది. నోవా వ్యెష్ ఉన్నచోటా ఆ ఇంటిపేరు ఉన్నచోటా ఒకటైతే సగం పని అయినట్టే. భర్త, భార్య రెండు ఇంటిపేర్లూ కలిపి కొడితే ఇంకా త్వరగా తేలుతుంది. అసలు పుస్తకాల స్కాన్‌లు పోలండ్ ప్రభుత్వ పురాభిలేఖాల సైట్ "షుకాయ్ వ్ ఆర్ఖివాఖ్"లో చాలావరకు ఉచితం. గెనెటెకాలో లేనంత మాత్రాన రికార్డు లేదనుకోకండి. వలంటీర్లు ఎక్కించినంత వరకే అందులో ఉంటుంది.

పుస్తకం తెరిచాక ఇబ్బంది భాషతో. రష్యా ఏలుబడిలో "పోలండ్ రాజ్యం" అని పిలిచిన ప్రాంతంలో 1868 నుంచి రికార్డులు రష్యన్‌లో రాయించారు. అంతకుముందు పోలిష్‌లోనే, పొడుగు పేరాలుగా ఉంటాయి. ఆస్ట్రియా వైపు లాటిన్‌లో గడులు గీసి రాశారు. ప్రష్యా వైపు 1874 అక్టోబరు నుంచి జర్మన్‌లో పౌర నమోదు కూడా మొదలైంది. రష్యన్ రికార్డు చూసి భయపడనక్కర్లేదు, అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, తండ్రి స్వయంగా వచ్చాడు, ఇన్నేళ్లవాడు, రైతు, ఇద్దరు సాక్షుల ఎదుట మగబిడ్డను చూపించాడు, బిడ్డ నిన్న తెల్లవారుజామున పుట్టాడు, తల్లి ఫలానా, పుట్టింటివారు ఫలానా, చదువు రానందున ఫాదరే సంతకం చేశాడు. ఇంతే. చాలా రికార్డుల్లో మనిషి పేరు పక్కన బ్రాకెట్లో పోలిష్ లిపిలో కూడా ఉంటుంది, ముందు దాన్ని పట్టుకోండి.

ఇక్కడ దాదాపు అందరూ రెండు తప్పులు చేస్తారు. మొదటి వాక్యంలోని తేదీ నమోదు చేసిన తేదీ, పుట్టినరోజు కాదు. పుట్టినరోజు కిందెక్కడో "నిన్న", "మూడు రోజుల కిందట" అని మాటల్లో ఉంటుంది. రెండోది, తేదీలు జంటగా ఉంటాయి, 5/17 మే అన్నట్టు. ముందు వచ్చే తేదీ రష్యావాళ్ల పాత పంచాంగం, తర్వాత వచ్చేది మనం ఇప్పుడు వాడేది. 19వ శతాబ్దంలో తేడా 12 రోజులు, 1900 మార్చి తర్వాత 13. మీరు వంశవృక్షంలో తర్వాతి తేదీనే రాసుకోండి.

ఆస్ట్రియా వైపు లాటిన్ పుస్తకమైతే ఇంటి నంబరు గడి వదలకండి. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురు యాన్‌లు ఉన్నప్పుడు వాళ్లను విడదీసేది ఆ నంబరే.

వందేళ్లు దాటని పుట్టుకలు, 80 ఏళ్లు దాటని పెళ్లిళ్లు, మరణాలు ఇంకా స్థానిక పౌర నమోదు కార్యాలయంలోనే ఉంటాయి. అవి సాధారణంగా నేరు వారసులకు, దగ్గరి కుటుంబసభ్యులకే ఇస్తారు. అల్లుడిగారి నుంచి తాతగారి దాకా ప్రతి మెట్టుకీ జనన, వివాహ పత్రాలు జత చేయాలి. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా దరఖాస్తు తిరిగొస్తుంది.

ప్రశ్న: మా వియ్యాలవారి ఇంటిపేరు న్యూయార్క్ రేవులో వలసవచ్చినవారిని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తా మార్చేశాడని వాళ్లు నమ్ముతారు. నిజమా? ఒకే ఇంట్లో మగవాళ్లకి ఒక పేరు, ఆడవాళ్లకి ఇంకో పేరు ఎందుకు? (రాయగడ)

జవాబు: అక్కడ పేర్లు మార్చలేదు. ఓడ ఎక్కిన రేవులోనే పట్టిక తయారైపోయేది, ఎల్లిస్ ఐలాండ్ గుమాస్తాలు దాన్ని సరిచూసుకునేవారు. పేరు మారింది తర్వాత, ఫ్యాక్టరీలో, బడిలో, చాలాసార్లు వాళ్లంతట వాళ్లే మార్చుకున్నారు. అందుకని ఓడ పట్టికలో పొట్టి పేరు వెతికితే దొరకదు, పాత పొడుగు పేరుతో వెతకాలి.

కొవాల్స్కి మగవారి రూపం, కొవాల్స్కా ఆడవారి రూపం. పేరు ఒకటే. కొవాల్ అంటే కమ్మరి. నొవాక్ అంటే ఊరికి కొత్తగా వచ్చినవాడు. "స్కి" ఉంటే జమీందారీ వంశమని అమెరికాలో చాలామంది మురిసిపోతారు. రైతులకీ చేతిపనులవాళ్లకీ కూడా ఆ పేర్లు ఉన్నాయి.

ఉచ్చారణ తెలియకపోతే పాత కాగితాలు చదవలేరు. డబ్ల్యూ అక్షరాన్ని "వ"గా, జె ని "య"గా, సి ని "త్స"గా పలకాలి. ఎల్ మీద అడ్డగీత ఉంటే ఇంగ్లీషు డబ్ల్యూ శబ్దం. ఆ అడ్డగీత అమెరికాలో రాలిపోయింది, అందుకే పోలండ్ మాజీ అధ్యక్షుడు లెహ్ వావెన్సా అక్కడ వలేసా అయ్యాడు. ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద.

ప్రశ్న: డిసెంబరులో కొడుకు, కోడలు పర్లాకిమిడి వస్తున్నారు. కోడలు వాళ్ల అమ్మమ్మ 24వ తేదీ రాత్రి ఏదో పెద్ద భోజనం పెట్టేదట, "పియెరోగి" తప్ప ఇంకేమీ గుర్తులేదట. మన వంటింట్లో చేయగలమా? మేం శాకాహారులం.

జవాబు: తప్పకుండా చేయొచ్చు, మీ నియమానికీ అడ్డురాదు. ఆ భోజనాన్ని విగిలియా అంటారు. అందులో మాంసం వాడరు. చేప ఉంటుంది, మీరు మానేయండి. చాలా ఇళ్లలో 12 వంటకాలు చేస్తారు. ఆకాశంలో మొదటి చుక్క కనబడ్డాకే కూర్చుంటారు. బల్లగుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి పరుస్తారు, అనుకోని అతిథి కోసం ఒక ఖాళీ కంచం పెడతారు. భోజనానికి ముందు "ఓప్వాటెక్" అనే పలుచటి గోధుమపిండి అప్పచ్చి ఒక్కొక్కరూ ఎదుటివారి చేతిలోది కొద్దిగా విరుచుకుని తిని, ఆ ఏడంతా బాగుండాలని కోరుకుంటారు. ఇది చర్చిలో ఇచ్చే ప్రసాదం కాదు, కాబట్టి మీరూ నిస్సంకోచంగా పంచుకోవచ్చు. పల్లెల్లో రంగు ఓప్వాటెక్ పశువులకు కూడా పెట్టేవారు. కనుమనాడు పశువులకు పెట్టుకునే మనకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. కోడల్ని చికాగోలోని పోలిష్ చర్చి నుంచి ఒక కవరు తెమ్మనండి. రెండు అట్టముక్కల మధ్య పెట్టుకోవాలి, లేకపోతే పొడి అయిపోతుంది.

పియెరోగి చూడ్డానికి మన కజ్జికాయే. నూనెలో వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు. నలుగురైదుగురికి అరకిలో మైదా, అర చెంచా ఉప్పు, 2 పెద్ద చెంచాల కరిగించిన వెన్న, పావు లీటరు వేడినీళ్లు. నీళ్లు చెయ్యి పట్టలేనంత వేడిగా ఉండాలి. చన్నీళ్లతో కలిపితే పిండి సాగి వెనక్కి ముడుచుకుంటుంది. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ గరిటెతో కలిపి, తర్వాత చేత్తో చెవితమ్మెంత మెత్తగా అయ్యేదాకా మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. అంటుకుంటోందని పొడిపిండి ఎక్కువ చల్లడమే అందరూ చేసే తప్పు. ఉడికాక తోలులా అవుతుంది.

లోపలికి అరకిలో బంగాళదుంపలు ఉడికించి, పొడిగా ఆరబెట్టి మెదపాలి. వాళ్లు వాడేది పులిసిన పాల నుంచి తీసిన "త్వారుగ్". మీ ఊళ్లో దొరికే ఛేనా దానికి బాగా దగ్గర. కాకపోతే పులుపుండదు. పావుకిలో ఛేనాలో గుడ్డకట్టి నీరు వార్చిన పుల్లపెరుగు 2 చెంచాలు కలపండి, సరిపోతుంది. 2 ఉల్లిపాయలు వెన్నలో ఎర్రగా వేయించి, ఉప్పు, మిరియాలపొడి వేసి కలపాలి. మిశ్రమం పూర్తిగా చల్లారాలి. వేడిగా పెడితే పిండి చెమర్చి అడుగు చిరుగుతుంది.

పిండిని 2 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, గ్లాసు అంచుతో 7 సెంటీమీటర్ల బిళ్లలు కోసి, ఒక్కోదాంట్లో చెంచాడు మాత్రమే పెట్టి మడవండి. మధ్యలోంచి మొదలుపెట్టి రెండు కొసల వైపు నొక్కుతూ, లోపలి గాలిని బయటికి తోసేయాలి. గాలి మిగిలితే మరిగే నీళ్లలో ఉబ్బి పగులుతుంది. అంచు మీద పిండి పొడిగానీ, చిన్న ఉల్లిముక్కగానీ ఉంటే అతుకు పట్టదు. ఉప్పు వేసిన నీళ్లు మరిగాక పదేసి చొప్పున వేసి, అడుగంటకుండా ఒక్కసారి కదిపి, పైకి తేలాక 2–3 నిమిషాలు ఉంచి తీసేయండి. తీసిన వెంటనే వెన్న పూయకపోతే ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఇవి ఏడాది పొడుగునా తినేవి. ఆ రాత్రికి సంప్రదాయం పులిసిన క్యాబేజీ, ఎండు పుట్టగొడుగుల పూర్ణం. డిసెంబరు రెండోవారంలో కిలో సన్నగా తరిగిన క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పు పట్టించి, రసం ఊరేదాకా పిసికి, గాజు సీసాలో గట్టిగా అదిమి, పైన బరువు పెట్టండి. ముక్క ఎప్పుడూ రసంలో మునిగి ఉండాలి, పైకి తేలింది బూజు పడుతుంది. మన వాతావరణంలో వారం, పది రోజుల్లో పులుస్తుంది. అరకిలో పిండిన క్యాబేజీకి 30 గ్రాముల ఎండు పుట్టగొడుగులు, రాత్రంతా నానబెట్టి ఉడికించి తరిగినవి. పోలండ్‌వాళ్లు అడవివి వాడతారని మీరు తెలియని అడవి ఛత్తు కొనకండి. పెంచినవే వాడండి.

ప్రశ్న: మాది బల్లార్షా. మా తమ్ముని దోస్తు ఒకతను ఇంగ్లండ్‌లో ఉంటడు. వాళ్ల అమ్మమ్మ పోలండ్ మనిషి, కానీ చిన్నప్పుడు కొల్హాపూర్‌లో పెరిగిందట. ఇది ఎట్ల సాధ్యం? ఆమె గురించి ఎక్కడ వెతకాలె?

జవాబు: సాధ్యమే, మన మహారాష్ట్ర చరిత్రలోని గొప్ప అధ్యాయమది. 1939 సెప్టెంబరు 1న జర్మనీ, 17న సోవియట్ యూనియన్ పోలండ్ మీదికి వచ్చాయి. 1940 ఫిబ్రవరి నుంచి సోవియట్లు తూర్పు పోలండ్ కుటుంబాలను రైలు పెట్టెల్లో సైబీరియాకి, కజఖ్‌స్తాన్‌కి తరలించారు. 1941లో సోవియట్లకీ పోలండ్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరాక విడుదలైనవాళ్లలో చాలామంది 1942లో ఇరాన్ చేరారు. అక్కడి నుంచి కొందరు మన దేశానికి వచ్చారు. నవానగర్ జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో వందలాది పిల్లలకు ఆశ్రయం ఇచ్చారు. వార్సాలో ఆయన పేరిట "మంచి మహారాజు" కూడలి ఉంది. కొల్హాపూర్ పక్కన వలివడేలో 1943 నుంచి 1948 దాకా దాదాపు 5,000 మంది ఉన్నారు, ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. బళ్లు, చర్చి, ఆసుపత్రి అన్నీ ఉన్న ఊరది. 1946లో బాలాచడి మూసేశాక అక్కడి పిల్లలు కూడా ఇక్కడికే వచ్చారు. కాబట్టి ఆ అమ్మమ్మ అనాథగా వచ్చి ఉంటే రెండు చోట్లా వెతకాలి.

ఈ కుటుంబాల వెతుకులాట వలసకూలీల కుటుంబాల కంటే వేరు. వాళ్లు పుట్టిన ఊళ్లు ఇవాళ పోలండ్‌లో లేవు, చాలావరకు బెలారస్, యుక్రెయిన్, లిథువేనియాలలో ఉన్నాయి. అయినా అక్కడి చర్చి పుస్తకాల్లో బయటపడినవి కొన్ని వార్సా పౌర నమోదు కార్యాలయంలో, పాతవి వార్సాలోని ప్రధాన చారిత్రక పురాభిలేఖాగారంలో ఉన్నాయి. తరలించిన వారి పేర్లతో "అణచివేతకు గురైనవారి సూచిక" ఇంటర్నెట్‌లో ఉంది. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరంతో చూడాలి. ఇంటిపేరు రష్యన్ లిపిలోకెళ్లి మళ్లీ తిరిగొచ్చింది కాబట్టి రెండు మూడు వర్ణక్రమాలు ప్రయత్నించండి. సైనికుల, శరణార్థుల కాగితాలు లండన్‌లోని సికోర్‌స్కీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. భారత్‌లో గడిపిన పోలిష్‌వారికి సొంత సంఘం కూడా ఉంది, "1942–1948 భారత్ పోలిష్‌ల సంఘం". ఆ స్నేహితుడు వస్తే కొల్హాపూర్ క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్లండి. శిబిరంలో చనిపోయినవారి సమాధులు అక్కడున్నాయి.

ప్రశ్న: ముత్తాత పోలండ్‌వాడైతే కోడలికి, మా వాడికి ఆ దేశం పాస్‌పోర్టు వస్తుందా? (నాందేడ్)

జవాబు: ముత్తాత 1920 జనవరి 31న గానీ ఆ తర్వాత గానీ పోలండ్ పౌరుడై ఉండాలి, ఆయన నుంచి కోడలి దాకా ఎవరి దగ్గరా ఆ పౌరసత్వం తెగి ఉండకూడదు. ఆయన 1913లోనే అమెరికా పౌరుడైపోతే దారి మూసుకున్నట్టే. 1951 జనవరికి ముందు పెళ్లయిన దంపతుల పిల్లలకు పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది, ఆ రోజుల్లో విదేశీయుణ్ణి పెళ్లాడిన స్త్రీ సాధారణంగా దాన్ని పోగొట్టుకునేది. ముందు ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్న తేదీ కనుక్కోండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మీ అబ్బాయికి పెళ్లి వల్ల దానంతటదే రాదు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదని కూడా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నేను మిషిగన్‌లో పుట్టాను, అత్తవారిది జయపురం. ఈ ఉత్తరం మా ఆయన తెలుగులో రాసిపెట్టారు. మా ముత్తవ్వని "బూషా" అని పిలిచేవాళ్లం. పోలండ్ వెళ్లినప్పుడు ఆ మాట అంటే ఎవరికీ అర్థం కాలేదు, "బాబ్‌చా" అని దిద్దారు. నాలో ఉన్నది పోలిష్ కాదేమో, మేం కల్పించుకున్నదేమో అనిపించింది. వచ్చే నవంబరులో మా పూర్వీకుల ఊరు వెళ్తున్నాం. ఏం చూడాలి, ఎలా మాట్లాడాలి?

జవాబు: అలా అనుకోకండమ్మా. బూషా మీరు కల్పించుకున్నది కాదు. మిషిగన్, చికాగో పోలిష్ ఇళ్లలో తరతరాలుగా నిలిచిన మాట. ఊరు విడిచినవాళ్లు తమతో తెచ్చుకున్న పల్లె భాష అక్కడే ఆగింది, దానికి అమెరికా మాటలు కలిశాయి. కారుని "కారా" అనేవారు, పోలండ్‌లో అది "సమోఖుద్". మీ అత్తవారి జయపురం తెలుగు రాజమండ్రి వెళ్తే నాలుగు మాటల దగ్గర ఆగిపోతుంది, అయినా అది తెలుగే కదా. మీ ఆయన్ని అడగండి. బూషా అన్న మాట మానకండి, బిడ్డకి నేర్పండి.

మాట్లాడేటప్పుడు పెద్దవారిని మగవారైతే "పాన్" అని, ఆడవారైతే "పానీ" అని అనండి. మన "గారు", "మీరు" రెండూ కలిసిన మాట అది. పరిచయం లేనివారిని నువ్వు అనే రూపంలో పిలిస్తే చిన్నబుచ్చుకుంటారు. పిలుపులో పేరు కూడా మారుతుంది. "అమ్మ"ను పిలిస్తే మనం "అమ్మా" అన్నట్టు, "బాబ్‌చా"ను పిలిచేటప్పుడు "బాబ్‌చూ" అంటారు.

నవంబరు 1న వెళ్లేలా చూసుకోండి. ఆ రోజు దేశమంతా సమాధుల దగ్గరే ఉంటుంది, శ్మశానాలు దీపాలతో నిండిపోతాయి. ఎవరు ఎవరి సమాధి దగ్గర నిలబడ్డారో చూస్తే బంధువులెవరో తెలుస్తుంది, పలకరించడానికి అంతకంటే మంచి రోజు లేదు. తాత ముత్తాతల పేర్లు, పాత ఫొటోల నకళ్లు చేతిలో ఉంచుకోండి. ఒకటి ముందే తెలిసుండాలి. అక్కడ సమాధి స్థలానికి సాధారణంగా 20 ఏళ్లకోసారి రుసుము కడతారు. కట్టేవారు లేకపోతే ఆ స్థలం ఇంకొకరికి వెళ్తుంది. కాబట్టి 1890లలో పోయిన వారి రాయి కనబడకపోతే కుంగిపోకండి. గేటు దగ్గర అమ్మే గాజుగూడు దీపం, "జ్నిచ్" అంటారు, ఒకటి కొనండి. శ్మశానం మధ్య పెద్ద శిలువ ఉంటుంది. సమాధి దొరకనివాళ్ల కోసం, దూరదేశంలో పోయినవాళ్ల కోసం ఊరివాళ్లు దీపాలు పెట్టేది దాని కిందే. మీదీ అక్కడ పెట్టండి.